గాబరా ఊరు దగ్గరే

నిత్యానందం దృష్టిలో ఈ భూమ్మీద దూరమైన ఊరంటూ ఒక్కటి కూడా లేదు. కైకలూరు పేరెత్తినా, కెనడా పేరెత్తినా ఆయన కుడిచెయ్యి గాల్లో ఒకసారి తిరిగేది. "ఎంతండీ, దగ్గరే!" అనేవాడు. చెయ్యి తిరగడంలో మాత్రం చిన్న తేడా ఉండేది. బస్సు వెళ్ళే ఊళ్ళకి మణికట్టు దాకా తిరిగేది, సముద్రం దాటాల్సిన ఊళ్ళకి మోచెయ్యి దాకా తిరిగేది. దూరానికి ఆయన ఇచ్చిన మర్యాద అంతే.

ఏలూరు డిపోలో కండక్టరుగా చేరి, కండక్టరుగానే రిటైరయ్యాడు. ఏలూరు నుంచి కైకలూరు మీదుగా కలిదిండి వెళ్ళే బస్సు ఆయనది. బస్సు ఇంకా ఏలూరు బస్టాండులో స్టార్టే అయ్యుండదు, ఎవరైనా "కలిదిండి ఇంకెంతసేపండీ?" అని అడిగితే చాలు, "వచ్చేసిందండీ! సంచీ దగ్గర పెట్టుకోండి" అనేవాడు. ఆ మాట నమ్మి ఒక పెద్దాయన కోడిపెట్టతో సహా లేచి, తలుపు దగ్గర నిలబడి కలిదిండి దాకా అలాగే వచ్చాడు. దిగేటప్పుడు తిట్టాడా అంటే, అదీ లేదు. "వచ్చేసింది, వచ్చేసింది అంటుంటే కాళ్ళ నొప్పి తెలీలేదండీ బాబూ" అన్నాడట.

ఒక వానాకాలం కొల్లేరు పొంగి చినఎడ్లగాడి దగ్గర రోడ్డెక్కింది. బస్సు నడిమధ్యన ఆగిపోయింది. అటూ నీళ్ళే, ఇటూ నీళ్ళే. గూడబాతులు కిటికీల పక్కనుంచి ఈదుకుంటూ వెళ్తూ లోపలికి తొంగిచూస్తున్నాయి. నీళ్ళు బస్సు మొదటి మెట్టెక్కి, రెండో మెట్టుకేసి చూస్తున్నాయి. జనం ఒకటే గోల. నిత్యానందం టిక్కెట్ల మిషను నెత్తిన పెట్టుకుని సీటెక్కి నిలబడ్డాడు.

"ఎవరూ కంగారుపడకండి. వచ్చేసింది!"

"ఏం వచ్చేసిందయ్యా?" అని అరిచాడు డ్రైవరు జగ్గారావు. "ఊరు రాలేదు, నీళ్ళొచ్చాయి!"

"నేనూ అదేగా చెప్తున్నాను. ఇన్ని నీళ్ళొచ్చాయంటే పడవ కూడా వచ్చేసినట్టే."

పడవ సాయంత్రానికి వచ్చింది. అప్పటిదాకా ఆ బస్సులో చంటిపిల్లలు తప్ప ఇంకెవరూ ఏడవలేదు.

ఈ జబ్బుకి మొట్టమొదట బలైన మనిషి ఆయన భార్య మార్తమ్మ. పెళ్ళిచూపులకి అత్తిలి వెళ్ళినప్పుడు, "మా ఊరు దగ్గరేనండీ. ఇక్కడ మీరు పొయ్యిమీద అన్నం పెట్టి బయల్దేరితే, అది ఉడికేలోపు మా ఇంట్లో ఉంటారు" అన్నాడు. కొత్త పెళ్ళికూతురు పొద్దున్నే అత్తిలిలో బయల్దేరింది. రెండు బస్సులు మారింది, మూడోది చెడిపోతే కాలవగట్టు వెంట నడిచింది, దీపాలు పెట్టే వేళకి కలిదిండి చేరింది. "ఆ అన్నం ఇంకా ఉడుకుతూనే ఉందండీ" అని ఆవిడ ఇప్పటికీ చుట్టాలకి చెప్పుకుంటుంది.

రిటైరై బస్సు దిగాక జబ్బు తగ్గాలి కదా. ముదిరింది. ఇప్పుడు కలిదిండి చుట్టుపక్కల ఎవరో ఒకరు విమానం ఎక్కని నెల ఉండదు. హన్నమ్మ అనే ఆవిడ పిల్లల్ని చూసుకునే పని మీద కువైట్ వెళ్తూ, చర్చి ముందు కనబడినవాళ్ళందర్నీ పట్టుకుని ఏడుస్తుంటే నిత్యానందం దగ్గరికెళ్ళాడు.

"ఏమ్మా, మీ పుట్టిల్లు నల్లజర్ల కదూ?"

"అవునండీ."

"ఇక్కణ్ణుంచి నల్లజర్లకి ఎన్ని బస్సులు మారాలి?"

"మూడండీ."

"మరి హైదరాబాదులో విమానం ఎక్కితే కువైట్‌కి?"

హన్నమ్మ ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "ఎక్కి, దిగడమేనంటండీ."

"ఇప్పుడు చెప్పు. ఏది దగ్గర?"

ఏడుస్తున్న మనిషి కాస్తా నవ్వేసింది. పక్కనే సూటుకేసు మీద కూర్చున్న ఆమె భర్త తాతారావుకి మాత్రం కొత్త భయం పట్టుకుంది. "ఇంక పుట్టింటికి దూరమని కువైట్‌లోనే ఉండిపోతుందేమోనండీ!"

పక్కింట్లో వీరరాఘవమ్మగారని ఒకావిడ ఉంది. భర్త గుళ్ళో అర్చకత్వం చేసేవాడు. పిల్లల్లేరు. నిత్యానందానికి దూరమంటే లెక్క లేకపోతే, ఈవిడకి దూరమంటే ప్రాణభయం. బస్సు ఊరి పొలిమేర దాటకముందే కడుపులో తిప్పేది. దారిపొడుగునా ప్రతి మైలురాయికీ "ఇంకెంత దూరమండీ?" అని అడిగేది. అలాంటి మనిషి, భర్తకి కిడ్నీలు చెడిపోయాక వారం వారం ఆయన్ని వెంటబెట్టుకుని ఏలూరు ఆస్పత్రికి వెళ్ళాల్సి వచ్చింది. దేవుడి దయవల్ల అది నిత్యానందం బస్సు. ఆవిడ అడిగేది, ఆయన చెప్పేవాడు.

"ఇంకెంతండీ?"

"వచ్చేసిందండీ."

మరో మైలు దాటాక మళ్ళీ. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఆ బస్సులో మాత్రం ఆవిడకి వాంతి అయ్యేది కాదు.

భర్త పోయిన నెలకి ఏదో కాగితాల పని మీద ఏలూరు వెళ్ళి ఆవిడ ఒక్కతే తిరిగొచ్చింది. ఆ రోజు దారంతా నోరు మెదపలేదు. ఆవిడ అడక్కుండానే నిత్యానందం ప్రతి స్టాపులోనూ ఆ సీటు దగ్గరికొచ్చి, ఎటో చూస్తూ "వచ్చేసిందండీ" అని చెప్పి ముందుకెళ్ళాడు. ఆ తర్వాత వీరరాఘవమ్మగారు కలిదిండి దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళాల్సిన అవసరమూ రాలేదు, మొన్న మొన్నటిదాకా.

ఆవిడకి ఒక చెల్లెలుంది, ఉమాకుమారి. తల్లి చిన్నప్పుడే పోతే ఈవిడే జడలు వేసి, గోరుముద్దలు పెట్టి పెంచింది. ఉమాకుమారి భర్త లెక్కల మాస్టారు. ఎప్పుడో ఆఫ్రికాలో బోట్స్వానా దేశంలో ఉద్యోగం వస్తే కాపురం అక్కడికి మారింది. ఊరి పేరు గాబొరోన్. వీరరాఘవమ్మగారి నోటికి ఆ పేరు ఏనాడూ తిరగలేదు. "మా ఉమ గాబరా ఊళ్ళో ఉంది" అనేది. వినేవాళ్ళు నవ్వితే, "నవ్వకండి, అక్కడికి ప్రయాణం తల్చుకుంటేనే నాకు గాబరా. పేరు సరిగ్గానే పెట్టారు" అనేది.

ఉమాకుమారి ఇదివరకు రెండు మూడేళ్ళకోసారి వచ్చి వెళ్ళేది. భర్త పోయాక అక్కడే కొడుకు అనిరుధ్ దగ్గర ఉంటోంది. ఈమధ్య ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. ఇంట్లో తిరుగుతుంది, మాట్లాడుతుంది, కానీ విమానం మాత్రం ఎక్కకూడదన్నారు డాక్టర్లు. అంటే అక్కాచెల్లెళ్ళు మళ్ళీ కలవాలంటే అక్క వెళ్ళాల్సిందే.

"నీచేత ఒక్కసారి తలంటు పోయించుకోవాలని ఉందే అక్కా" అంది ఉమాకుమారి ఒకరోజు ఫోన్లో. తెర మీద ఆమె జుట్టు పల్చగా, తెల్లగా కనబడుతోంది.

వీరరాఘవమ్మగారు ఫోన్ పెట్టేసి, పెరటి గోడ దగ్గరికెళ్ళి పిలిచింది.

"నిత్యానందంగారూ, ఈ గాబరా ఊరు ఎంత దూరం ఉంటుందండీ?"

అలాంటి ఊరొకటి ఉందని కూడా నిత్యానందానికి తెలియదు. అయినా చెయ్యి మోచెయ్యి దాకా తిరిగింది. "ఎంతండీ, దగ్గరే!"

"దగ్గరంటే?"

"గన్నవరంలో ఎక్కుతారా, ఒకటి రెండు చోట్ల మారతారా, వచ్చేసిందండీ."

మర్నాడు మళ్ళీ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. ఆ జవాబే వినడం కోసం ఆవిడ గోడ దగ్గరికి వస్తోందని అందరికీ తెలిసిపోయింది. పదిహేను రోజులు గడిచాక ఒక పొద్దున్న గోడ దగ్గరికి కాకుండా నేరుగా వీధి గుమ్మంలోకి వచ్చింది. నిత్యానందం అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"వెళ్దామని నిర్ణయించుకున్నానండీ."

"శుభమండీ! దగ్గరేగా."

"మీరూ వస్తున్నారు. అనిరుధ్‌కి చెప్పేశాను. వాడు అమ్మని వదిలి రాలేడట, ఇద్దరికీ టిక్కెట్లు పంపిస్తానన్నాడు."

కాఫీ నిత్యానందం గొంతులో సగం దారిలో ఆగింది. "నేనాండీ?"

"మీరు కాక ఇంకెవరండీ?"

లోపల్నుంచి మార్తమ్మ నవ్వుతూ వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. "అమ్మగారూ, ప్రపంచమంతా దగ్గరే అనే ఈ మనిషి విజయవాడ దాటి ఎరగడండీ. మేడ మెట్లెక్కితే కళ్ళు తిరుగుతాయి. మా పాక మీద సొరకాయ కొయ్యాలన్నా నేనే ఎక్కుతాను."

"మేడ వేరు, విమానం వేరు" అన్నాడు నిత్యానందం గంభీరంగా. "మేడకి సీట్లుంటాయా?" అని, అంతలోనే గొంతు తగ్గించి, "పోనీ మన పాస్టరుగారి అబ్బాయి అజయ్ ఉన్నాడు కదండీ. రెండుసార్లు దుబాయ్ వెళ్ళొచ్చాడు. ఇంగ్లీషు కూడా..." అన్నాడు.

"ఆ అబ్బాయి సెల్లులో చూసి ఎన్ని గంటల ప్రయాణమో చెప్పేస్తాడండీ. గంటలు వింటే నేను ఎక్కలేను" అంది వీరరాఘవమ్మగారు. తర్వాత కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "దాన్ని చూడాలండీ" అంది.

నిత్యానందం గ్లాసు కింద పెట్టాడు. "సరేనండీ. దగ్గరేగా" అన్నాడు. ఆ రోజు మాత్రం ఆయన చెయ్యి తిరగలేదు.

పాస్‌పోర్టులు వచ్చాయి, వీసాలు వచ్చాయి. వీరరాఘవమ్మగారు ఆవకాయ, పులిహోర, కుంకుడుకాయలు, నువ్వులనూనె కట్టించింది. మార్తమ్మ మొగుడికి కొత్త చెప్పులు కొనిపెట్టి, తుండుగుడ్డ భుజాన వేసి, "దగ్గర ఊరే కదా, పెందలాడే వచ్చెయ్యండి" అని సాగనంపింది.

గన్నవరంలో తనిఖీ దగ్గర నిత్యానందం చొక్కాజేబు కీచుమని మోగింది. లోపల ఈల ఉంది, ఇత్తడిది, ఉద్యోగం నాటిది.

"ఇదెందుకు?" అని అడిగాడు అక్కడి జవాను.

"ఒకటి ఊదితే ఆగాలండీ. రెండు ఊదితే వెళ్ళాలి."

జవాను దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల మాత్రం ఊదకండి" అని తిరిగిచ్చేశాడు.

ఊదలేదు. కానీ విమానం తలుపు మూసిన చప్పుడు వినగానే, ఎన్నో ఏళ్ళ అలవాటు, నోరు ఊరుకోలేదు. "రైట్... రైట్!" అన్నాడు గట్టిగా. సరిగ్గా అప్పుడే విమానం కదిలింది. చుట్టూ జనం నవ్వారు కానీ, వీరరాఘవమ్మగారికి కొండంత ధైర్యం వచ్చింది. ఈ బండి కూడా ఈయన మాట వింటోంది.

ఒక్క విషయంలోనే ఆవిడ మనసు కాస్త చివుక్కుమంది. కిటికీ సీటు ఆవిడది. నిత్యానందం ముందే దూరి అక్కడ కూర్చున్నాడు. "కిటికీ పక్కన చలిగాలి కొడుతుందండీ, మీరు ఇటు కూర్చోండి" అన్నాడు. కూర్చున్నవాడు బయటికి చూశాడా? కిటికీ రెక్క కిందికి లాగి మూసేశాడు. ప్రతి విమానంలోనూ అంతే. చూడనివాడికి కిటికీ ఎందుకో ఆవిడకి అర్థం కాలేదు. పెద్దమనిషి, ముచ్చటపడ్డాడులే అని ఊరుకుంది.

హైదరాబాదులో విమానం మారారు. "ఇంకెంతండీ?" "వచ్చేసిందండీ." దుబాయిలో దిగారు. ఆ విమానాశ్రయంలో ఒక చివర నుంచి ఇంకో చివరకి వెళ్ళడానికి రైలెక్కించారు. వీరరాఘవమ్మగారు చక్రాల కుర్చీలో కూర్చుని, మెరిసే స్తంభాలూ, రకరకాల మనుషులూ చూసి బిత్తరపోయింది.

"ఇదంతా ఏంటండీ?"

"ఏలూరు బస్టాండు లాంటిదేనండీ. కాస్త శుభ్రంగా ఉంచారు" అన్నాడు నిత్యానందం.

అసలైన ప్రయాణం ఆ తర్వాతే మొదలైంది. దుబాయి నుంచి జొహానెస్‌బర్గ్ వెళ్ళే పెద్ద విమానం. అక్కణ్ణుంచి ఇంకో చిన్న విమానంలో గాబొరోన్. పట్టపగలు బయల్దేరారు. నిత్యానందం ఎక్కగానే వరసలన్నీ చూసి, "ఇంత పెద్ద బండిలో ఒక్క స్టాండింగూ లేదు" అని జాలిపడ్డాడు. కూర్చున్నాక ఎదురుగా ఉన్న చిన్న టీవీ కేసి చూశాడు. చూడగానే భుజం మీది తుండు తీసి, తన టీవీ మీదా, వీరరాఘవమ్మగారి టీవీ మీదా కలిపి ఒక్కటే పరదాలా కప్పేశాడు.

"అదేంటండీ, తుండు అక్కడ ఆరేశారు?"

"తడిసిందండీ."

"ఎక్కడ తడిసింది?"

"చెమటకండీ."

"ఇంత చలిలో చెమటేంటండీ?"

నిత్యానందం ఆ ప్రశ్న విననట్టు బెల్టు సర్దుకున్నాడు. విమానం పిల్ల వచ్చి తుండు తీసి మడతపెట్టి ఇచ్చింది. ఆమె అటు వెళ్ళగానే మళ్ళీ కప్పాడు. మళ్ళీ తీసింది. మళ్ళీ కప్పాడు. మూడోసారి ఆ పిల్లే ఓడిపోయి నవ్వి వెళ్ళిపోయింది. బస్సు అలవాట్లు విమానంలో కూడానా అని వీరరాఘవమ్మగారికి సిగ్గేసింది. ఆ సిగ్గులోనే కొంచెం కునుకు పట్టింది. కునుకుకి ముందు అడిగితే, "వచ్చేసిందండీ, ఇంకొక్క స్టేజీ" అన్నాడు.

గతుకుల రోడ్డు మీద పడ్డట్టు విమానం ఊగింది. ఆవిడకి మెలకువొచ్చింది. ఆ కుదుపుకే తుండు ఓ పక్క జారి వేలాడుతోంది. ఎదురుగా టీవీలో నీలంగా ఒక బొమ్మ. పైన ఒక మూల కొంచెం నేల, కింద దూరంగా ఇంకొంచెం నేల, మధ్యలో అంతా సముద్రం. ఆ సముద్రం మీద ఈగంత విమానం. పక్కనే అంకెలు. ఇంగ్లీషు రాకపోయినా, జీవితమంతా పంచాంగం చూసిన మనిషికి అంకెలు చదవడం వచ్చు. ఎన్ని గంటలు గడిచాయో ఉంది, ఇంకా ఎన్ని గంటలుందో ఉంది. గడిచిన దానికంటే మిగిలిందే ఎక్కువ.

ఆవిడకి కడుపులో తిప్పడం మొదలైంది. ఇంకొక్క స్టేజీ అన్నాడే! నిలదీద్దామని పక్కకి తిరిగింది.

నిత్యానందం కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. జనంతో కిక్కిరిసిన బస్సులో కమ్మీని పట్టుకున్నట్టు రెండు చేతులతోనూ సీటుని పట్టుకున్నాడు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటున్నాడు. నుదుటి నుంచి చెమట కారి కాలరంతా తడిసింది. ఆవిడ చెయ్యి చాచి, వేలాడుతున్న తుండు అంచు ముట్టుకుంది. నిజంగానే తడిగా ఉంది. పాపం, అబద్ధం చెప్పలేదు.

అప్పుడు మూసిన కిటికీ కూడా అర్థమైంది. మేడ మెట్లెక్కలేని మనిషి, కింద సముద్రం ఆవిడకి కనబడకూడదని తనే వెళ్ళి ఆ పక్కన గోడలా కూర్చున్నాడు. ఎంత దూరమో అంకెలతో సహా తను చూసి, అది ఆవిడ చూడకుండా తన తుండు కప్పాడు. మొదట్నుంచీ ఎంత దూరమో ఆయనకి తెలుస్తూనే ఉంది. ఏలూరు బస్సులో ఉన్నప్పుడూ తెలుసు.

వీరరాఘవమ్మగారు చప్పుడు కాకుండా తుండు పైకి లాగి, టీవీల మీద సరిగ్గా కప్పింది. మళ్ళీ జారకుండా కొసలు రెండూ సందుల్లోకి దోపింది. నిత్యానందం ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"ఏమైందండీ?"

"ఏం లేదండీ. ఇంకెంత దూరం?"

ఆ ప్రశ్న వినగానే ఆయన మొహంలోకి రక్తం వచ్చింది. సీటు వదిలేసి నిటారుగా కూర్చున్నాడు. "వచ్చేసిందండీ!"

"అయితే దిగేలోపు పులిహోర తినేద్దాం" అని ఆవిడ డబ్బా తీసింది. అంత సముద్రం మీద, అంత ఎత్తున, ఇద్దరూ శుభ్రంగా తిన్నారు. ఆవిడ కడుపులో తిప్పడం ఎప్పుడు ఆగిందో ఆవిడకే తెలీదు. ఆ తర్వాత తనకి భయం వేసినప్పుడు ఆవిడ అడగడం మానేసింది. ఆయనకి భయం వేస్తోందని అనిపించినప్పుడల్లా అడిగింది. చివరి చిన్న విమానం, మన పాలకొల్లు ఆటోలా ఎగిరెగిరి పడుతుంటే, నిమిషానికోసారి అడగాల్సి వచ్చింది.

గాబొరోన్‌లో ఉమాకుమారి చక్రాల కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తోంది. అక్కని చూడగానే లేవబోయింది. "కూర్చోవే, పడతావు" అంది వీరరాఘవమ్మగారు, ఏదో పక్కవీధి నుంచి వచ్చినదానిలా. ఆ మాట అనడమే ఆవిడకి చేతనైంది. తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు తడుముకుంటూ ఉండిపోయారు. అనిరుధ్ సామాను అందుకుని చుట్టూ చూస్తే నిత్యానందం లేడు. ఒక బెంచీ మీద, బూరెల్లా పొంగిన పాదాలు కొత్త చెప్పుల్లో పట్టక, చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే నిద్రపోతున్నాడు.

ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెడితే మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. ఆ సమయానికి పెరట్లో ఎండలో పీట వేసి, వీరరాఘవమ్మగారు చెల్లెలికి నూనె రాసి కుంకుడురసంతో తలంటు పోస్తోంది. "కళ్ళు మూసుకోవే, మండుతుంది" అంటే, ఉమాకుమారి చిన్నప్పటిలాగే ఒక కన్ను తెరిచి అరిచింది. అంతలో మార్తమ్మ ఫోను. అనిరుధ్ తెర పట్టుకుని చూపించాడు.

"చేరారాండీ? మా ఆయన బాగానే ఉన్నారా?"

"బాగున్నారమ్మా. భయపడ్డారు పాపం."

"ఇన్నాళ్ళూ చెప్పొద్దన్నారని ఊరుకున్నానండీ" అంది మార్తమ్మ గొంతు తగ్గించి. "టిక్కెట్లు వచ్చిన దగ్గర్నుంచీ రోజూ తెల్లారకుండానే మన మంచినీళ్ళ ట్యాంకు మెట్లెక్కేవారండీ. నేను వెనకాల చొక్కా పట్టుకునేదాన్ని. ఒక రోజు రెండు మెట్లు, ఇంకో రోజు నాలుగు. ఎందుకండీ ఈ వయసులో అంటే, 'ఆవిడ పక్కన కూర్చున్నప్పుడు నా కాళ్ళు వణక్కూడదే' అన్నారు. ఆఖరికి సగం దాకా ఎక్కగలిగారు."

వీరరాఘవమ్మగారు చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కళ్ళలో నురుగు మండుతున్న ఉమాకుమారి, "అక్కా, నీళ్ళు! నీళ్ళు పొయ్యవే!" అని కేకలు పెట్టింది.

నెల రోజులున్నారు. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకున్నది మాట్లాడుకోగా, నిత్యానందం ఆ ఊరి బస్సులన్నీ ఎక్కి, కండక్టర్లందరితోనూ స్నేహం చేశాడు. ఏ భాషలో అని అడక్కూడదు. బయల్దేరే రోజున ఉమాకుమారి ఏడవలేదు. తలకి మళ్ళీ నూనె రాయించుకుని, జడ వేయించుకుని, గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపింది.

తిరుగు ప్రయాణంలో పెద్ద విమానం ఎక్కగానే వీరరాఘవమ్మగారు ముందే దూరి కిటికీ పక్కన కూర్చుంది. నిత్యానందం కంగారుపడ్డాడు.

"చలిగాలండీ..."

"శాలువా ఉందిలెండి. మీరు ఇటు కూర్చోండి" అంది. రెక్క తనే కిందికి లాగింది.

ఆయనకి ఏం చెయ్యాలో తోచలేదు. ఆవిడ భయపడటం లేదు, ఏమీ అడగడం లేదు. చెప్పడానికి మాట లేక, పట్టుకోవడానికి కమ్మీ లేక కాసేపు కదిలాడు. విమానం పైకి లేచి సర్దుకున్నాక, ఎటో చూస్తూ, తనక్కాదు ఇంకెవరికో కావాలన్నట్టు అడిగాడు.

"ఇంకెంత ఉంటుందంటారండీ?"

వీరరాఘవమ్మగారు ఎదురుగా టీవీలో అంకెలు చూసింది. బోలెడు ఉంది.

"మీరు పడుకోండి నిత్యానందంగారూ. దిగేచోటు రాగానే నేను లేపుతాను."

చక్రాలున్న ఏ బండిలోనూ ఏనాడూ కన్ను మూయని మనిషి ఆయన. ఆవిడకేసి ఒకసారి చూశాడు. తలాడించాడు. కాసేపటికి నోరు తెరుచుకుని గురక మొదలుపెట్టాడు. అన్నం పళ్ళేలు పట్టుకుని వచ్చిన పిల్లతో వీరరాఘవమ్మగారు, "ఆయన్ని లేపకమ్మా" అని తెలుగులోనే చెప్పింది. ఆ పిల్లకి అర్థమైంది.

ఆ తర్వాత ఆవిడ కిటికీ రెక్క బెత్తెడు పైకి ఎత్తి, కిందికి చూసింది. సముద్రం. ఎండ పడి మెరుస్తోంది. ఆవిడ చాలాసేపు చూసింది. మన కొల్లేరే, కాస్త పెద్దది, అనుకుంది.